ఒక అమ్మాయి, ఆ అమ్మాయి



నాగోలు నుంచి వచ్చే మెట్రో రైలుకి రాయదుర్గం చివరి స్టేషను. పొద్దున తొమ్మిది గంటలప్పుడు అక్కడ దిగేవాళ్లలో ఎక్కువమంది పాతికేళ్లకి అటూఇటూగా ఉన్న పిల్లలు. మెడలో కంపెనీ ఐడీ కార్డు, వీపున లాప్‌టాప్ బ్యాగు. ఖమ్మం నుంచి, నల్గొండ నుంచి, శ్రీకాకుళం నుంచి, కడప నుంచి వచ్చి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లలో ముగ్గురేసి నలుగురేసి ఒక గదిలో ఉంటున్నవాళ్లు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు వీళ్లలో చాలామందే ఉన్నారు. వీళ్లకి ఇంగ్లీషు గ్రామర్ రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 'గో' అనే క్రియకి మూడు రూపాలూ గడగడా చెబుతారు. క్యాంపస్ సెలక్షన్ పరీక్షల్లో ఖాళీలు పూరించి గట్టెక్కినవాళ్లే. అయినా పొద్దున్నే టీమ్ మీటింగులో 'నిన్న ఏం పని చేశావో చెప్పు' అంటే నాలుగు వాక్యాలు వరసగా రావు. మొదటి వాక్యం సగంలో ఆగుతుంది, 'యాక్చువల్లీ' అని ఒక మాట పడుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

మాదాపూర్‌లో సాయంత్రం పూట ఇలాంటి పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంటాను. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు. గ్రామర్ సాధన చేయడానికి చిన్న చిన్న పేరాలను మించిన దారి నాకు కనిపించలేదు. ఆ పేరాలు కూడా మన రోజులోంచి తీసుకున్నవై ఉండాలి, ఒక మనిషి ఇంకో మనిషికి చేసిన చిన్న సాయం గురించినవై ఉండాలి. సాయం గురించే ఎందుకు అన్నది చెప్పడానికే ఈ ప్రసంగమంతా.

మన హైదరాబాదుకి ఇంగ్లీషు బోధన కొత్తేమీ కాదు. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి హైటెక్ సిటీలో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. దానికి నలభై ఏళ్ల ముందే, 1958లో, ఇంగ్లీషు ఎలా చెప్పాలో ఉపాధ్యాయులకు నేర్పే కేంద్ర సంస్థ హైదరాబాదులో వెలిసింది. అదే 2007లో ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. 2022-23 విద్యా సంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులన్నిటిలో ఇంగ్లీషు మీడియం మొదలైంది. అంటే ఇంట్లో ఎవరూ ఇంగ్లీషు మాట్లాడని పిల్లలు ఇంకా ఎక్కువగా ఈ దారిన రాబోతున్నారు. వాళ్లకి గ్రామర్‌ను ఏ రూపంలో అందిస్తామన్నది నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది.

మన ఇళ్లలో రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం అన్న నుంచి తమ్ముడికి, తమ్ముడి నుంచి పక్కింటి పిల్లలకి వెళ్తుంటుంది. ఆ పుస్తకం మీద నాకు గౌరవం ఉంది, సూత్రం స్పష్టంగా చెబుతుంది. ఇక్కడ ఒక విశేషం ఉంది. ఆ రెన్ గారు నవలా రచయిత. 1924లో వచ్చిన ఆయన నవల 'బో జెస్ట్' ఎన్నో దేశాల్లో పేరు తెచ్చుకుంది. కథ చెప్పడం అంత బాగా తెలిసిన మనిషి పేరు అట్ట మీద ఉన్నా, ఆ పుస్తకంలో చాలా అభ్యాసాల్లో ఒక వాక్యానికీ తర్వాతి వాక్యానికీ చుట్టరికం ఉండదు. ఒక వాక్యంలో రాజుగారు, తర్వాతి వాక్యంలో గుర్రం, ఆ తర్వాత ఎవరిదో గొడుగు. ఒంటరి వాక్యంలో 'ఎ' పెట్టాలో 'ది' పెట్టాలో చాలాసార్లు ఎవరూ చెప్పలేరు. అంతకుముందు ఏం జరిగిందో తెలిస్తేనే కదా చెప్పగలిగేది.

అందుకని ఒక పేరా చదువుతాను, వినండి. క్లాసులో ఒక అమ్మాయి తనకు జరిగింది ముందు తెలుగులో చెప్పింది. తర్వాత అందరం కూర్చుని ఇంగ్లీషులో రాశాం.

"ఒన్ ఈవినింగ్ ఇన్ జూలై ఇట్ వాజ్ రెయినింగ్ హెవీలీ ఎట్ రాయదుర్గం. ఎ గర్ల్ వాజ్ స్టాండింగ్ అండర్ ది మెట్రో స్టెప్స్ విత్ ఎ లాప్‌టాప్ బ్యాగ్. ది బ్యాగ్ వాజ్ గెటింగ్ వెట్. ఎ ఫ్లవర్ సెల్లర్ గేవ్ హర్ ఎ ప్లాస్టిక్ కవర్. ది గర్ల్ ఆస్క్‌డ్ హౌ మచ్ ఇట్ వాజ్. ది ఉమన్ సెడ్ దట్ ఇట్ వాజ్ ఓన్లీ ఎ కవర్. ది నెక్స్ట్ మార్నింగ్ ది గర్ల్ బాట్ జాస్మిన్ ఫ్రమ్ హర్. షి హాజ్ బాట్ ఫ్లవర్స్ ఫ్రమ్ హర్ ఎవ్రీ ఫ్రైడే సిన్స్ దెన్."

ఎనిమిది వాక్యాలు. ఇందులో డిక్షనరీ చూడాల్సిన మాట ఒక్కటీ లేదు. కానీ మన తెలుగువాళ్లం ఇంగ్లీషులో తడబడే చోట్లు చాలావరకు ఇందులోనే ఉన్నాయి.

మొదట ఆర్టికల్స్ చూద్దాం. రెండో వాక్యంలో 'ఎ గర్ల్', అయిదో వాక్యానికి 'ది గర్ల్' అయింది. 'ఎ లాప్‌టాప్ బ్యాగ్' మరుసటి వాక్యంలోనే 'ది బ్యాగ్' అయింది. క్లాసులో ఈ ఆర్టికల్స్ తీసేసి ఖాళీలు ఇస్తే మొదట్లో అందరూ లాటరీ వేసినట్టు పూరిస్తారు. అప్పుడు నేను సూత్రం చెప్పను. 'మీ నాయనమ్మ కథ చెప్పేటప్పుడు రాజుని ఎలా తీసుకొస్తుంది?' అని అడుగుతాను. మొదటిసారి 'ఒక రాజు' అంటుంది. వినేవాళ్లకి ఆ రాజు పరిచయమయ్యాక 'ఆ రాజు' అంటుంది. మన నాయనమ్మలందరికీ ఈ సంగతి తెలుసు. వినేవాళ్లకి తెలియని మనిషి అయితే 'ఎ', తెలిసిన మనిషి అయితే 'ది'. అంటే ఆర్టికల్ పెట్టాలంటే నా గురించి ఆలోచిస్తే చాలదు. ఎదుటివాళ్లకి ఇప్పటిదాకా ఏం తెలుసు, ఏం తెలియదు అని ఒక్క క్షణం వాళ్ల వైపు నుంచి చూడాలి. తేడా ఏమిటంటే, తెలుగులో 'ఒక', 'ఆ' లేకపోయినా వాక్యం నిలబడుతుంది. ఇంగ్లీషులో చాలాచోట్ల నిలబడదు.

ఈ మాట ఆఫీసులో ఎంత పనికొస్తుందో చూడండి. 'దేర్ ఈజ్ ది ఇష్యూ ఇన్ లాగిన్ పేజ్' అని మెయిల్ పెడితే అవతలివాళ్లు 'ఏ ఇష్యూ? ఇంతకుముందు చెప్పారా? నేను చూడలేదా?' అని పాత మెయిళ్లన్నీ వెతుక్కుంటారు. 'దేర్ ఈజ్ ఎన్ ఇష్యూ' అంటే కొత్తగా చెబుతున్నారని వెంటనే తెలిసిపోతుంది.

ఇక అయిదో వాక్యం. 'ది గర్ల్ ఆస్క్‌డ్ హౌ మచ్ ఇట్ వాజ్.' దాదాపు అందరూ దీన్ని 'ఆస్క్‌డ్ హౌ మచ్ ఈజ్ ఇట్' అనే రాస్తారు. అది అజాగ్రత్త వల్ల వచ్చే తప్పు కాదు, తెలుగు వాక్యం నడకే అలాంటిది. 'ఎంత అని అడిగింది' అంటాం. అన్నవాళ్ల మాటని అన్నట్టే ఉంచి, చివర 'అని' చేర్చి ముందుకు పోతాం. ఎంత హాయిగా ఉంటుందో ఆ 'అని'! ఇంగ్లీషులో ఇంత సులువైన పనిముట్టు లేదు. ఇతరుల మాటని మనం చెబుతున్నప్పుడు సాధారణంగా కాలం మారుతుంది, సర్వనామం మారుతుంది, ప్రశ్న వరస కూడా మారి మామూలు వాక్యం అయిపోతుంది. 'క్లయింట్ ఆస్క్‌డ్ వై ఈజ్ ఇట్ డిలేడ్' అని రాసే పిల్లలు 'వై ఇట్ వాజ్ డిలేడ్' అనడం నేర్చుకోవాలంటే పది సూత్రాలు బట్టీ పట్టడం కంటే, పూలామెతో జరిగిన ఈ చిన్న సంభాషణని రెండు రకాలుగానూ చెప్పి చూడటం మేలు. ఒకసారి వాళ్లన్న మాటలు ఉన్నవున్నట్టు, ఇంకోసారి మన మాటల్లో. సాయం జరిగిన చోట ఎప్పుడూ నాలుగు మాటలు నడుస్తాయి. అడగడం, ఇవ్వడం, వద్దనడం, థాంక్స్ చెప్పడం. అందుకే ఇలాంటి పేరాల్లో ఈ వ్యాకరణం తనంతట తానే వచ్చి పడుతుంది.

చివరి వాక్యంలో 'సిన్స్ దెన్' ఉంది చూశారా. హైటెక్ సిటీలో రోజూ వినే మాట ఒకటుంది: 'ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్.' మనం 'రెండేళ్ల నుంచి' అంటాం, '2023 నుంచి' అని కూడా అంటాం. రెంటికీ ఒకటే 'నుంచి'. ఇంగ్లీషు ఇక్కడ రెండుగా చీలుతుంది. మొదలైన రోజు చెబితే 'సిన్స్', గడిచిన కాలం చెబితే 'ఫర్'. మనం 'పనిచేస్తున్నాను' అంటున్నాం కాబట్టి 'ఐ యామ్ వర్కింగ్' అనేస్తాం. ఇంగ్లీషులో మాత్రం అప్పటి నుంచి ఇప్పటిదాకా సాగిన పని కనిపించాలి, అందుకని 'ఐ హావ్ బీన్ వర్కింగ్' అనాలి. ఈ ఒక్కటీ మా క్లాసులో అందరికీ ఒక్క రోజులో వచ్చింది. ఆ అమ్మాయి ప్రతి శుక్రవారం పూలు కొనడం వాళ్ల మనసులో నిలిచిపోయింది మరి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. 'పంపండి', 'రండి', 'చూడండి'. ఆ 'అండి' ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. పేరు చివర 'గారు' కలిపితే ఇంకా నిండుగా ఉంటుంది. ఆఫీసులో అడుగుపెట్టగానే ఈ రెండూ పోతాయి. యాభై ఏళ్ల మేనేజర్‌ని కూడా పేరు పెట్టి పిలవమంటారు. 'ఫైలు పంపండి' అనే మర్యాద గల వాక్యం ఇంగ్లీషులోకి దిగేసరికి 'సెండ్ మి ది ఫైల్' అయి కూర్చుంటుంది. 'అండి' దారిలోనే జారిపోయింది! పిల్లలు ఏదో లోటుగా అనిపించి 'ప్లీజ్' తగిలిస్తారు. 'ప్లీజ్ సెండ్ మి ది ఫైల్.' అయినా అవతల సియాటెల్‌లోనో మాంచెస్టర్‌లోనో చదివే మనిషికి అది ఆర్డరు వేసినట్టే వినిపించవచ్చు. ఎంతో వినయంగా పెరిగిన పిల్ల, పెద్దవాళ్ల ఎదుట గట్టిగా మాట్లాడని పిల్ల, మెయిల్‌లో దురుసు మనిషిగా పేరు తెచ్చుకుంటుంది. ఎందుకలా అన్నారో ఆమెకి అర్థం కాదు. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంగ్లీషులో 'అండి' పని చేసేవి కుడ్, వుడ్, మైట్ అనే మాటలు. గ్రామర్ పుస్తకం వీటిని మోడల్స్ అని చెప్పి, శక్తి, సంభావ్యత, అనుమతి అని పట్టిక వేస్తుంది. పట్టిక తప్పు కాదు. కానీ వీటి వెనక ఉన్నది ఒకటే. 'కుడ్ యు సెండ్ మి ది ఫైల్ వెన్ యు గెట్ ఎ మినిట్?' అన్నప్పుడు, అవతలి మనిషి కాదనడానికి కొంచెం చోటు వదులుతున్నాం. 'ఇప్పుడు వీలుపడదండీ, సాయంత్రం పంపుతాను' అని వాళ్లు చెప్పగలగాలి. ఎదుటివాళ్లకి పని ఉంటుంది, వాళ్ల ఇబ్బంది వాళ్లకుంటుంది అన్న తలంపు లేకుండా ఈ క్రియల్ని సరిగ్గా వాడటం సాధ్యం కాదు. ఇందాక ఆర్టికల్ దగ్గర చూసిందీ ఇదే. ఇంగ్లీషు గ్రామర్‌లో మనకి కష్టమనిపించే చోట్లు చాలావరకు వినేవాళ్ల వైపు నుంచి చూడమనే చోట్లు. సాయం చేసే మనిషి కూడా చేసేది అదే కదా. పూలామె తన వైపు నుంచి చూసుంటే ఒక కవరు ఖర్చు. ఆ అమ్మాయి వైపు నుంచి చూసింది కాబట్టి బ్యాగు తడుస్తోందని గమనించింది. సాయం గురించిన పేరాల మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

కథలతో భాష నేర్పడం కొత్త సంగతి కాదు. 1920లలో ఢాకాలో ఇంగ్లీషు బోధన మీద పనిచేసిన మైకేల్ వెస్ట్, కొద్ది మాటలతోనే చదవదగిన పాఠాలు రాసి, కొత్త మాటల్ని కొంచెం కొంచెంగా కలుపుతూ పోయారు. మన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర భాష నేర్చుకున్నది సవరల నోట విని. వాళ్ల మాటలు, పాటలు, కథలు రాసుకున్న తర్వాతే ఆయన వ్యాకరణం కట్టారు. ఆ పుస్తకం 1931లో వెలువడింది. ముందు మనుషులు, తర్వాత సూత్రాలు. ఇందాక చెప్పిన ఖాళీల సంగతికొస్తే, పేరాలో మాటలు తీసేసి పూరించమనే పద్ధతికి క్లోజ్ అని పేరు పెట్టింది విల్సన్ టేలర్ అనే అమెరికన్, 1953లో. నిజానికి ఏ రచన చదవడానికి ఎంత సులువో కొలవడానికి ఆయన దాన్ని తయారుచేశారు. తర్వాత అది భాషా పరీక్షల్లోకి వచ్చింది.

మరి మీరు ఇంట్లో, హాస్టల్లో ఎలా చేయాలి? రాత్రి పడుకునే ముందు, ఆ రోజు మీకు ఎవరో చేసిన సాయమో, మీరు చూసిన సాయమో ఒకటి గుర్తు తెచ్చుకోండి. పెద్దది కానక్కర్లేదు. మెస్‌లో ఆంటీ మీ కోసం రెండు చపాతీలు తీసిపెట్టి ఉండొచ్చు. లిఫ్టు తలుపు మూసుకుపోతుంటే ఎవరో చెయ్యి అడ్డం పెట్టి ఉండొచ్చు. కోడ్‌లో తప్పు ఎక్కడుందో సీనియర్ అక్క ఓపిగ్గా చూపించి ఉండొచ్చు. ఆరేడు వాక్యాలు రాయండి. ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది, ఏమన్నారు. వాళ్లన్న మాట ఒకటైనా ఉండాలి. ఫోన్‌లో ఏదైనా యాప్‌తో దిద్దించుకుంటే దిద్దించుకోండి, తప్పు లేదు. కానీ దిద్దిన ప్రతి చోటా ఎందుకు మార్చిందో నోటితో చెప్పగలిగేదాకా వదలకండి. మరుసటి రోజు ఆ పేరాలో ఆర్టికల్సో, క్రియలో తీసేసి గదిలో స్నేహితురాలికి ఇవ్వండి. ఆమె పేరా మీరు తీసుకోండి.

ఇంకో పద్ధతి ఉంది, నాకు చాలా ఇష్టం. రూత్ వాజ్న్‌రిబ్ అనే ఆవిడ 1990లో 'గ్రామర్ డిక్టేషన్' అనే పుస్తకంలో వివరించారు. ఒకరు పేరాని మామూలు వేగంతో రెండుసార్లు చదువుతారు. వినేవాళ్లు దొరికిన మాటలు రాసుకుంటారు. మాటకి మాట అందదు, అందకూడదు కూడా. తర్వాత ఇద్దరు ముగ్గురు కలిసి, దొరికిన ముక్కలతో పేరాని మళ్లీ నిలబెడతారు. 'ఇక్కడ వాజ్ ఉందా, హాజ్ ఉందా' అని వాదించుకునే ఆ పది నిమిషాల్లో జరిగే గ్రామర్ సాధన ఏ వర్క్‌బుక్‌లోనూ జరగదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. పేరా నీతి బోధ చేయకూడదు. 'వి షుడ్ బి కైండ్ టు ఎవ్రీవన్' అనే వాక్యంతో ముగిసిన పేరా ఇస్తే పిల్లల ముఖాల్లో వెలుగు పోతుంది, నేను చూశాను. దయ అనే మాట పేరాలో ఎక్కడా రానక్కర్లేదు. కవరు ఇచ్చిందని రాస్తే చాలు.

తప్పు దిద్దే తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నోరు మూతపడేది ఎక్కువగా అక్కడే. గదిలో ఒకమ్మాయి 'ఐ డిడ్ నాట్ వెంట్ టు ఆఫీస్' అంటుంది. మిగతా ఇద్దరూ నవ్వుతారు. వాళ్ల మనసులో చెడేమీ లేదు, కానీ ఆ పిల్ల మళ్లీ వారం దాకా ఇంగ్లీషులో నోరెత్తదు. దానికి బదులు 'ఓ, యు డిడ్ నాట్ గో? వై?' అని అడిగి చూడండి. మాట సాగుతుంది, సరైన రూపం ఆమె చెవిన పడుతుంది. చాలాసార్లు ఆమే తర్వాతి వాక్యంలో 'నో, ఐ డిడ్ నాట్ గో బికాజ్...' అని సర్దుకుంటుంది. ఎవరూ ఎవరినీ తక్కువ చేయలేదు, తప్పు మాత్రం దిద్దుబాటయింది. టీమ్ లీడర్లుగా ఉన్నవాళ్లు ఈ ప్రసంగం వింటుంటే, దయచేసి మీటింగుల్లో ఇలా చేయండి. కొత్తగా చేరిన పిల్లలకి మీరిచ్చే ట్రైనింగులన్నిటికంటే ఇది ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంగ్లీషు అవసరం ఇంజినీర్లకే కాదు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు, హౌస్‌కీపింగ్ అక్కలు, రాత్రి షిఫ్టు క్యాబ్ డ్రైవర్లు కూడా రోజూ దానితో తలపడుతున్నారు. వాళ్లకి కావలసింది కొద్దిగా. 'మే ఐ సీ యువర్ ఐడీ కార్డ్?', 'ది లిఫ్ట్ ఈజ్ నాట్ వర్కింగ్, కుడ్ యు టేక్ ది స్టెయిర్స్?' లాంటివి. మీ ఆఫీసులో ఎవరైనా నేర్చుకుంటానంటే మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక పేరా కలిసి చదవండి. అందులో వాళ్లే మనుషులుగా, పని చేసేవాళ్లుగా, సాయం చేసేవాళ్లుగా కనిపించే పేరా చూసి తీసుకోండి.

కాగితం, పెన్ను దగ్గర పెట్టుకున్నారా? ఇంకో పేరా చదువుతాను. మూడు చోట్ల ఆగుతాను, ఆగిన చోట మాట మీరు రాయండి.

"ఎవ్రీ నైట్ అవర్ క్యాబ్ డ్రైవర్ వెయిట్స్ అంటిల్ ఐ ఓపెన్ ది హాస్టల్ గేట్. లాస్ట్ నైట్ ది గేట్ వాజ్ లాక్డ్. ఐ టోల్డ్ హిమ్ దట్ హి... గో. హి సెడ్ దట్ హి... వెయిట్. బై ది టైమ్ ది వార్డెన్ కేమ్, హి... మిస్‌డ్ హిజ్ టీ."

మొదటి ఖాళీలో 'కుడ్'. పేరా చెబుతున్న అమ్మాయి డ్రైవర్‌తో అన్నది 'యు కెన్ గో' అని. ఆ మాట మనం చెబుతున్నాం కాబట్టి కాలం ఒక మెట్టు వెనక్కి జరిగింది. రెండో ఖాళీలో 'వుడ్', కారణం అదే. మూడోది 'హాడ్'. వార్డెన్ వచ్చేసరికి అతని టీ టైము దాటిపోయింది, రెండు పనుల్లో ముందు జరిగింది అది. 'టోల్డ్ హిమ్' అన్నాం గానీ 'సెడ్ హిమ్' అనలేదు, అదీ గమనించండి. రెంటికీ తెలుగులో 'చెప్పాను' ఒక్కటే సరిపోతుంది కాబట్టి అక్కడ చాలామంది జారుతారు.

ఇప్పుడు ఇదే పేరాని డ్రైవర్ చెబుతున్నట్టు మార్చి రాయండి. 'ఐ' ఎవరవుతారో, 'హి' ఎవరవుతారో చూసుకుంటూ రాయండి.